తప్పు చూపించిన చోట లేదు

ఉగాది వెళ్లి వారం కూడా కాలేదు, ఫోన్ మోగింది. "ఈ ఏడాది ఆవకాయ పెడుతున్నారా అమ్మా? పోయినసారి లాగే రెండు కిలోలు, వెల్లుల్లి లేకుండా" అన్నారు అవతల నుంచి ఓ పెద్దావిడ. గొంతు గుర్తుపట్టాను కానీ పేరు గుర్తు రాలేదు. "పెడతామండీ, రాసుకుంటాను" అనేశాను. అన్నాక గుండెల్లో రాయి పడింది. పెట్టేదెవరు? అత్తయ్యగారు కార్తీకమాసంలో వెళ్లిపోయారు కదా!

మా ఇంటి పచ్చళ్ల సంగతి ఇదివరకు చాలాసార్లు రాశాను. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం మళ్లీ రెండు ముక్కలు చెప్తాను. విజయవాడలో మా ఇంట్లో ప్రతి వేసవికీ అత్తయ్యగారు ఆవకాయ, మాగాయ, మెంతికాయ పెట్టి తెలిసినవాళ్లకి అమ్మేవారు. ముందు వీధిలో నలుగురికి, తర్వాత వాళ్ల చుట్టాలకి. అలా రెండు వందలు దాటారు. చెయ్యి ఆవిడది, లెక్క నాది. 2009లో నోట్‌బుక్కులు చిరిగిపోతున్నాయని, డిగ్రీ అయ్యాక నేర్చుకున్న కంప్యూటర్ కోర్సు గుర్తుచేసుకుని, యాక్సెస్‌లో ఒక డేటాబేస్ తయారుచేశాను. నవ్వకండి, నేను చదివింది బీఏ తెలుగే. అయినా చేశాను.

పేరు, ఊరు, ఏ పచ్చడి, ఎన్ని కిలోలు, బాకీ ఎంత అన్నీ ఉంటాయి అందులో. చివర 'గమనిక' అని ఒక గడి పెట్టాను. అది అత్తయ్యగారి గడి. ఆవిడ కుర్చీలో కూర్చుని చెప్తుంటే నేను టైపు చేసేదాన్ని. "ఈవిడకి కారం తగ్గించు, తగ్గించామని మాత్రం చెప్పకు." "వీళ్లని డబ్బులడగొద్దు, ఆయనకి పింఛను రాగానే ఆయనే తెచ్చిస్తాడు." "ఈ అమ్మాయి నీళ్లోసుకుంది, ఓ చిన్న సీసా ఎక్కువ పంపు." ఇలాంటివి పదిహేనేళ్లవి.

మా పాత డెస్క్‌టాప్ ఈ సంక్రాంతికి పూర్తిగా మూలపడింది. అబ్బాయి అందులోని ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి తీసి, తను కొన్న కొత్త ల్యాప్‌టాప్‌లో వేసిచ్చాడు. ఆ పెద్దావిడ ఫోన్ పెట్టేశాక, ఆవిడ పేరు వెతుకుదామని పచ్చళ్ల ఫైలు తెరిచాను. కొత్త ఆర్డరు బటన్ నొక్కగానే ఒక పెట్టె వచ్చింది: కంపైల్ ఎర్రర్, 'కాంట్ ఫైండ్ ప్రాజెక్ట్ ఆర్ లైబ్రరీ'. వెనకాల నేనెప్పుడో రాసుకున్న ప్రోగ్రాం తెరుచుకుని, అందులో 'డేట్' అన్న మాట మీద నీలం రంగు పడింది.

డేట్ అంటే ఈ రోజు తేదీ. ఆ మాట రాస్తే కంప్యూటరే ఈ రోజు తేదీ వేసుకుంటుంది. దాన్ని మించిన తేలికైన మాట ప్రోగ్రాంలో ఇంకోటి లేదు. పదిహేనేళ్లుగా పలికిన మాట ఇప్పుడు తెలీదంటుందేమిటి? ఆ లైను చెరిపి మళ్లీ రాశాను. అదే పెట్టె. కంప్యూటర్ తేదీ సరిగ్గా ఉందో లేదో చూశాను. ఉంది. గంటసేపు ఆ ఒక్క లైనుతోనే కుస్తీ పట్టాను.

అబ్బాయి వచ్చి చూసి, "అమ్మా, ఇది ఎప్పటిదో. వదిలెయ్. ఎక్సెల్‌లో పెట్టేసుకో, లేకపోతే ఫోన్‌లో ఏదో యాప్ వేసిస్తాను" అన్నాడు. వాడిది మంచి మనసే. కానీ వాడికి అది ఒక పాత ఫైలు. నాకు మా అత్తయ్యగారితో కూర్చున్న పదిహేను వేసవులు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇంకో గొడవ. మా వారు మజ్జిగ గ్లాసు నోటిదాకా తీసుకెళ్లి కింద పెట్టేశారు. "ఇందులో ఉప్పు లేదు" అన్నారు. "ఉప్పు డబ్బా మీ ఎదురుగానే ఉందిగా" అన్నాను. "ఉప్పేసి ఇవ్వడం కూడా రాదా ఈ ఇంట్లో ఎవరికీ?" అని అన్నం సగంలో లేచి వెళ్లిపోయారు. పెళ్లయిన ఇరవై రెండేళ్లలో ఆయన అలా లేవడం నేను చూడలేదు. నాకూ కోపం వచ్చింది. పొద్దుట్నుంచీ కంప్యూటరుతో పడి ఉన్నానేమో, ఇంకాస్త ఎక్కువే వచ్చింది. మర్నాడు మజ్జిగలో ఉప్పు దట్టించి మరీ పెట్టాను. దాన్నీ తాగలేదు.

ఆ మధ్యాహ్నం ఇల్లు సర్దుమణిగాక మళ్లీ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఎర్రర్ పెట్టెలో ఉన్న 'లైబ్రరీ' అన్న మాటని అప్పుడు నిదానంగా చదివాను. లైబ్రరీ అనగానే నాకు మా కాలేజీ గ్రంథాలయం గుర్తొచ్చింది. అక్కడ పెద్ద నిఘంటువు సంపుటాలుగా ఉండేది. ఒక మాటకి అర్థం వెతికితే, ఫలానా మాట చూడు అని ఇంకో చోటికి పంపేది. ఆ చోటు వేరే సంపుటంలో ఉండేది. ఆ సంపుటం బీరువాలో ఉండేది కాదు. నా చేతిలోని పుస్తకం నిక్షేపంలా ఉన్నా నా పని జరిగేది కాదు.

ఇక్కడా అదే. మనం రాసే ప్రోగ్రాం అన్ని పనులూ తనే చేయదు. తేదీలు, అక్షరాల లెక్కలు ఒక లైబ్రరీ నుంచి తెచ్చుకుంటుంది. ఎక్సెల్‌తో మాట్లాడాలంటే ఇంకో లైబ్రరీ కావాలి. తనకి ఏయే లైబ్రరీలు కావాలో ఒక జాబితా రాసి ఫైల్లోనే ఉంచుకుంటుంది. వాటినే రెఫరెన్సులు అంటారు. జాబితా ఫైల్లో ఉంటుంది, లైబ్రరీలు మాత్రం కంప్యూటర్లో ఉంటాయి. ఫైలుని ఇంకో కంప్యూటరుకి మారిస్తే జాబితా వెంట వస్తుంది, లైబ్రరీలు రావు. వాటిలో ఒక్కటి కనబడకపోయినా, కనబడుతున్న లైబ్రరీల్లోని మామూలు మాటలు కూడా తెలియనట్టు మొహం పెడుతుంది. అందుకే ఏ పాపం ఎరగని 'డేట్' మీద నీలం రంగు పడింది. తప్పు ఆ లైనులో లేనే లేదు.

మీలో కూడా చీరల లెక్కలకో, ట్యూషన్ ఫీజులకో ఇలా యాక్సెస్ వాడుకునేవాళ్లు ఉండొచ్చు. నేనేం చేశానో వరసగా చెప్తాను.

ముందుగా ఫైలుకి ఒక కాపీ తీసి పక్కన పెట్టాను. కంగారు పడకండి, ఈ ఎర్రరు వల్ల మనం రాసుకున్న వివరాలకేమీ కాదు. షిఫ్ట్ బటన్ నొక్కిపట్టి ఫైలు తెరిస్తే మొదటి ఫారం రాకుండా నేరుగా టేబుళ్లు కనిపిస్తాయి. తెరిచి చూశాను. గమనిక గడిలో అత్తయ్యగారి మాటలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. అక్కడే కాసేపు ఆగిపోయాను. ఫోన్ చేసిన పెద్దావిడ పేరు కూడా దొరికింది. ఆవిడ పక్కన, "ఒంటరి మనిషి. ఫోన్ చేస్తే ఓ పది నిమిషాలు మాట్లాడు" అని ఉంది. నేనేమో రెండు ముక్కల్లో పెట్టేశాను.

తర్వాత ఆల్ట్, ఎఫ్11 కలిపి నొక్కి ప్రోగ్రాం కిటికీ తెరిచాను. టూల్స్ మెనూలో రెఫరెన్సెస్ అని ఉంటుంది. అది మసకగా ఉండి నొక్కుడు పడకపోతే, ప్రోగ్రాం సగంలో ఆగి ఉందని అర్థం. పైన రీసెట్ అనే చిన్న నీలం చదరం ఉంటుంది, దాన్ని నొక్కితే మసక పోతుంది. జాబితా తెరిస్తే టిక్కులు పెట్టినవన్నీ పైన వరసగా ఉన్నాయి. వాటిలో ఒకదాని ముందు 'మిస్సింగ్' అని రాసి ఉంది. మైక్రోసాఫ్ట్ క్యాలెండర్ కంట్రోల్.

అప్పుడు వెలిగింది. 2009లో తేదీ ఎంచుకోవడానికి ఫారం మీద చిన్న క్యాలెండర్ బొమ్మ పెట్టాను. అత్తయ్యగారికి అది భలే నచ్చేది. "ఆదివారాలు ఎర్రగా ఉంటే ఇంకా బాగుండును" అనేవారు. ఆ బొమ్మ నా ప్రోగ్రాంలోది కాదు, ఆనాటి యాక్సెస్‌తో వచ్చిన వేరే ముక్క. ఆఫీస్ 2010 నుంచి ఆ ముక్క రావడం లేదు. అరువు తెచ్చుకున్న దాని మీద ఇల్లు కట్టుకున్నది నేనే. ఆ సంగతి మర్చిపోయిందీ నేనే.

ఆ పాత క్యాలెండర్ ఫైలు నెట్లో ఎక్కడైనా దొరికితే దించుకుందామా అని ఒక్క క్షణం అనిపించింది. ఎవరు పెట్టారో తెలియని ఫైళ్లు కంప్యూటర్లో ఎక్కించుకోవడం, దారిన పోయేవాడికి ఇంటి తాళాలివ్వడం ఒకటే. పైగా అది 32 బిట్ల కాలంనాటిది, 64 బిట్ల ఆఫీస్‌లో పనిచేయదు. ఆ ఆలోచన మానేశాను.

ఫారం డిజైన్‌లోకి వెళ్లి క్యాలెండర్ ఉన్న చోటు చూస్తే ఉత్త తెల్ల గడి. దాన్ని తీసేశాను. తర్వాత రెఫరెన్సుల జాబితాలో దాని టిక్కు తీసి ఓకే నొక్కాను. డీబగ్ మెనూలో కంపైల్ నొక్కితే 'డేట్' కిక్కురుమనలేదు! ఇప్పుడు మూడు చోట్ల ఆగింది, మూడూ ఆ క్యాలెండర్‌ని పిలిచే లైన్లే. ఈసారి ఆగిన చోటే తప్పుంది. ఆ లైన్లు తీసేస్తే కంపైల్ నోరు మూసుకుంది.

మరి తేదీ ఎంచుకునేదెలా? తేదీ గడి ప్రాపర్టీస్‌లో 'షో డేట్ పికర్' అని ఒకటుంది. 'ఫర్ డేట్స్' అని పెడితే, గడిలోకి వెళ్లగానే పక్కనే చిన్న క్యాలెండర్ బొమ్మ వస్తుంది. ఇది యాక్సెస్ 2007 నుంచీ ఉందట! అంటే ఆ పని చేయగలిగింది ఇన్నేళ్లూ ఆ గడిలోనే ఉంది, మేం దాన్నెప్పుడూ అడగలేదు.

మిస్సింగ్ అన్న ఆ మాట చూశాక, నాకు ముందురోజు రాత్రి మజ్జిగ గుర్తొచ్చింది. ఆయనకి పుట్టిన దగ్గర్నుంచీ మజ్జిగలో ఉప్పేసి, గ్లాసు చేతికిచ్చింది అత్తయ్యగారే. నేను వచ్చాక కూడా ఆ ఒక్క పనీ నాకు వదల్లేదు. ఆవిడ పోయాక ఈ నాలుగైదు నెలల్లో మా ఇంట్లో గొడవలన్నీ అలాంటివే. తువ్వాలు తడిగా ఉందని, గుమ్మం లైటు వేయలేదని, ఉప్పు లేదని. ఆగిన ప్రతిచోటా ఆ లైనునే పట్టుకుని పోట్లాడుకున్నాం. జాబితా తెరిచి చూసింది ఎవరం? పన్నెండు రోజులు కర్మలు చేసి, చుట్టాలను పంపించి, ఆయన మర్నాడే ఆఫీసుకి వెళ్లిపోయారు. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. ఆవిడ లేరని మేమిద్దరం ఎదురెదురుగా కూర్చుని ఒక్కసారి కూడా అనుకోలేదు.

కంప్యూటర్లో అయితే టిక్కు తీసేస్తే సరిపోతుంది. మనుషుల్ని అలా తీసేయలేం, తీసేయాలనీ ఉండదు. కానీ ఆవిడ చేసిన పనులు ఎవరో ఒకరు చేయాలిగా.

సాయంత్రం ఆయన రాగానే ఉప్పు సంగతెత్తలేదు. కాఫీ ఇచ్చి, ఫోన్ చేసిన పెద్దావిడ గమనిక చదివి వినిపించాను. తర్వాత ఇంకోటి, ఇంకోటి. కారం తగ్గించి చెప్పొద్దన్న దగ్గర నవ్వారు. పింఛను ఆయన దగ్గరకొచ్చేసరికి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నాకు లెక్క వచ్చుగానీ ఆవిడ చేతి కొలత రాదండీ. ఈ ఏడాది మానేద్దామా?" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "అమ్మ కల్లుప్పు ముందు ఎండలో పెట్టి దంపేది. ఆవపిండి వాసన చూసి ఘాటు చాలకపోతే మళ్లీ ఆవాలు తెప్పించేది. చిన్నప్పుడు పక్కన కూర్చుని ముక్కలు తుడిచింది నేనే కదా" అన్నారు. ఆయనకి ఇవన్నీ తెలుసని ఈ ఇరవై రెండేళ్లలో నాకు తెలియదు. నేనూ ఎప్పుడూ అడగలేదు.

కథ ఇక్కడితో అయిపోలేదు. హైదరాబాద్ ఆర్డర్లు మా తోడికోడలు రాసుకుంటుంది. బాగుచేసిన ఫైలు తనకి పంపాను. పావుగంటలో ఫోన్. "అక్కా, ఏదో పెట్టె వచ్చింది. నేనేం నొక్కలేదు, ఒట్టు!" అంది. ఎర్రర్ రాగానే మనందరం చేసే మొదటి పని అదే కదా, నేను కాదు అనడం. ఈసారి నీలం రంగు 'లెఫ్ట్' అన్న మాట మీద పడిందట. నేను నవ్వి, "దాన్నొదిలెయ్. రెఫరెన్సెస్ తెరిచి మిస్సింగ్ ఎక్కడుందో చదువు" అన్నాను. చదివింది. మైక్రోసాఫ్ట్ ఎక్సెల్ 16.0 ఆబ్జెక్ట్ లైబ్రరీ.

బాకీల పట్టిక ఎక్సెల్‌లోకి పంపడానికి నేను వాడుకున్న లైబ్రరీ అది. నేను రాసినప్పుడు 12.0. కొత్త ల్యాప్‌టాప్‌లో తెరవగానే తనంతట తనే 16.0గా మారిపోయింది. తనది ఆఫీస్ 2010, అంటే 14.0. ఈ జాబితా పై మెట్టు తనే ఎక్కుతుంది కానీ, కింది మెట్టు తనంతట దిగదు. తన దగ్గర మిస్సింగ్ టిక్కు తీసి 14.0కి పెడితే పనిచేస్తుంది. ఆ ఫైలు నా దగ్గరికొస్తే మళ్లీ 16.0 అవుతుంది, తనకి పంపితే మళ్లీ మిస్సింగ్. పోనీ క్యాలెండర్‌లా మొత్తం తీసేద్దామంటే ఎక్సెల్ మాకు నిజంగా కావాలి.

దీనికి దారి ఏమిటంటే, ఫలానా నంబరు ఎక్సెల్ అని ముందే రాసుకోకుండా, అవసరం వచ్చినప్పుడు ఆ కంప్యూటర్లో ఏ ఎక్సెల్ ఉంటే దాన్నే పిలవడం. లేట్ బైండింగ్ అంటారు. 'యాజ్ ఎక్సెల్.అప్లికేషన్' అని ఉన్నచోట 'యాజ్ ఆబ్జెక్ట్' అని మార్చి, 'క్రియేట్‌ఆబ్జెక్ట్' అని రాసి, పక్కన కోట్స్‌లో 'ఎక్సెల్.అప్లికేషన్' అని పిలవాలి. ఆ తర్వాత ఎక్సెల్ టిక్కు తీసేయొచ్చు. ఒక చిన్న గుంట ఉంది, నేను పడ్డాను, మీరు పడకండి. 'ఎక్స్‌ఎల్‌అప్' లాంటి మాటలు ఆ లైబ్రరీలోవే. టిక్కు తీశాక అవి ఎవరికీ తెలియవు. వాటి బదులు అంకె వేయాలి. ఎక్స్‌ఎల్‌అప్‌కి -4162. ఈ పద్ధతిలో నష్టమూ ఉంది. టైపు చేస్తుంటే ముందుగా మాటలు అందించదు, తప్పు రాస్తే నడిపినప్పుడే బయటపడుతుంది. అందుకే టిక్కు పెట్టుకుని రాసుకుని, అంతా కుదిరాక తీసేసి పంపడం మేలు.

అలా మార్చి పంపిన ఫైలు తన దగ్గరా, నా దగ్గరా ఒకేలా నడుస్తోంది. అబ్బాయికి చూపిస్తే, "ఇది నువ్వే చేశావా!" అన్నాడు. "మొదట్లో చేసిందీ నేనే కదరా" అన్నాను.

పెద్దావిడకి ఫోన్ చేసి పావుగంట మాట్లాడాను. అత్తయ్యగారు లేరని చెప్తే చాలాసేపు ఏమీ అనలేదు. "అయితే ఈసారి ఎలా ఉన్నా ఫరవాలేదమ్మా, పంపు" అంది.

మొన్న ఆవకాయ కలిపాం. ఉప్పు ఎండబెట్టింది, దంపింది, ఆవపిండి వాసన చూసింది అన్నీ ఆయనే. మూడో రోజు జాడీ మూత తీసి తిరగగలిపి, వేడన్నంలో ముద్ద కలిపి ముందు ఆయనకే పెట్టాను. ఇద్దరం అత్తయ్యగారి కుర్చీ వైపు చూశాం.

"ఉప్పు?" అన్నాను.

"కాస్త తక్కువైంది" అని, ఆయనే లేచి డబ్బా తెచ్చుకున్నారు.